తలుపు పడని ఇల్లు

ఇల్లు బాగుచేయించుకుందామని ఎవరైనా నా దగ్గరికి సలహాకు వస్తే నేను మొదట అడిగే మాట ఒక్కటే. "తలుపులు పడుతున్నాయా?" అంటాను. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కప్పు గురించి, గోడల గురించి అడుగుదామని వస్తే ఈ ముసలామె తలుపుల సంగతి ఎత్తిందేమిటా అనుకుంటారు. కొత్తగా సంసారం పెట్టుకున్న పిల్లలైతే నవ్వేస్తారు కూడా. నవ్వనీ. ఆ మాట నేను మాచర్లలో ఒక దర్జీ ఇంట్లో నేర్చుకున్నాను. అది నేను సొంతంగా ఒప్పుకున్న మొట్టమొదటి పని.

చదువు గురించి చెప్పమంటే, అక్షరాలు నాకు నా మనవళ్ళతో పాటే వచ్చాయి. అప్పటికి మాత్రం తట్ట, పార, తాపీ తప్ప మరొకటి తెలియదు. మా వాళ్ళది రాతిపని, మట్టిపని. మాచర్లలో గోడ లేపాలన్నా మిద్దె కప్పాలన్నా మా మామగారికి కబురు వచ్చేది. అవి యుద్ధం రోజులు. ఎక్కడో సముద్రం వైపు విమానాలు దిగే మైదానం కడుతున్నారనీ, కూలి రెట్టింపు ఇస్తారనీ ఒక మేస్త్రి వచ్చి మా పేటలో చేయి తిరిగిన మగవాళ్ళందరినీ రైలెక్కించుకుపోయాడు. మా మామగారూ పోయారు, నా పెనిమిటీ పోయాడు. ఇంట్లో మిగిలింది నేనూ మా అత్తా. ఆమె నాకు మేనత్త కూడా, కాబట్టి నన్ను తిట్టే హక్కు ఆమెకు రెండు వైపుల నుంచీ ఉండేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు పొద్దున్నే దర్జీ బాబాయి మా గుమ్మంలోకి వచ్చాడు. మా పక్క వీధి మనిషే. ఊళ్ళో సగం చొక్కాలు ఆయన కుట్టినవే.

"ఏమ్మా, మీ మామ ఉన్నాడా?"

"లేడు బాబాయ్. రైలెక్కి పోయాడుగా."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"యుద్ధం అయినాక."

"యుద్ధం ఎప్పుడయిద్ది?"

"నాకేం తెలుసు బాబాయ్, నన్నడిగి మొదలుపెట్టారా?"

ఆయన నవ్వాడు కానీ మొహంలో కళ లేదు. అరుగు మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. ఒక కంట్రాక్టరు ఆయనకు మిలటరీ వాళ్ళ ఖాకీ చొక్కాలు కుట్టే పని ఇస్తానన్నాడట. వానలు మొదలయ్యే నాటికి గుడ్డ తానులు వచ్చి ఇంట్లో పడతాయట. అంత పని ఆయన జన్మలో చూడలేదు. కానీ ఇంటి ముందుగది తలుపు పడదు, గడియ అసలే పడదు. పోయిన వానాకాలం మిద్దె కారి జనం గుడ్డలు తడిశాయి కూడా. కంట్రాక్టరు వచ్చి ఇల్లు చూసి, "వానల్లోపు ఇల్లు బాగుచేసుకో. లేకపోతే ఈ పని గురజాల దర్జీకి ఇస్తా" అని వెళ్ళాడట.

"పరాయి గుడ్డ ఇంట్లో పెట్టుకుని తలుపు పడకపోతే నిద్రెట్టా పడిద్దమ్మా?" అన్నాడు.

నాకు ఏమైందో తెలియదు. "మేం చేస్తాం బాబాయ్" అనేశాను. వెనకనుంచి మా అత్త నా నడుం మీద గిల్లిన గిల్లుడు ఇంకా గుర్తుంది. ఆయన అటు వెళ్ళగానే అందుకుంది.

"ఏందే, నువ్వు మేస్త్రివా? ఎంత మట్టి పడిద్దో, ఎంత రాయి పడిద్దో నీకేం తెలుసే? మీ మామ ఇల్లంతా తిరిగి, గోడ తట్టి, మిద్దెక్కి చూసి, వచ్చి అన్నం తిని, అప్పుడు చెప్పేవాడు అయిద్దో కాదో."

"మనమూ తిరుగుదాం అత్తా. అన్నం కూడా తిందాం."

"మాటలకేం తక్కువ లేదు" అంటూనే కొంగు బిగించి ముందు నడిచింది. ఆమెకూ ఉషారుగానే ఉందని ఆ నడక చూస్తే తెలిసిపోయింది.

ఇల్లు పెద్దదేం కాదు. ముందు పెద్ద గది, వెనక వంటిల్లు. బురద పెట్టి కట్టిన రాతిగోడలు. ముందుగదికి గోడకూ గోడకూ మధ్య ఒక పెద్ద దూలం, దాని ఒక కొన సరిగ్గా వీధి గుమ్మం పైన; దూలం మీద అడ్డంగా దంతెలనే సన్న వాసాలు, దంతెల మీద చీల్చిన తుమ్మకర్ర పేళ్ళు, ఆ పైన చవుడు మట్టి. అప్పట్లో మా పల్నాడు మిద్దెలన్నీ అంతే. ఏటా వానలకు ముందు ఊరి బయట గుంటల నుంచి చవుడు తెచ్చి మిద్దె మీద పోసి తొక్కుతారు. చవుడు వాన నీటిని కిందికి దిగనివ్వదు. అది చేయని ఇల్లాలి గురించి వీధంతా చెప్పుకుంటుంది.

ఆ దూలం పాత మంచంలా మధ్యలో కుంగిపోయి ఉంది. దాని కిందనే చాప వేసుకుని దర్జీ బాబాయి వాళ్ళమ్మ పడుకుని ఉంది. ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్ళం. వీధి ద్వారబంధం దగ్గర కూర్చుని వడ్రంగి ఆచారి తలుపుకు చిత్రిక పడుతున్నాడు. అది ఆయన ఏటా చేసే పని. ఏడాదికి ఒకసారి తలుపు పైన పట్టేస్తుంది, ఆయన వచ్చి పై అంచు చెక్కి పోతాడు.

"ఈ తలుపు చెక్కీ చెక్కీ మా పిల్ల పెళ్ళి చేశానమ్మా" అన్నాడు నన్ను చూసి. "ఇంక చెక్కడానికి చెక్క లేదు. దూలం పనైపోయింది. కొత్తది వెయ్యాల్సిందే."

ఆచారి అంతటివాడు చెప్పాక ఇంకేముంది? కొత్త దూలం అనుకున్నాం. నేను నిచ్చెనెక్కి పిట్టగోడ పక్కన పలుగుతో గుచ్చి చూశాను. మోకాలి లోతున పేళ్ళు తగిలాయి. మోకాలి లోతు మట్టి అని లెక్క కట్టుకుని దిగాను. ఆ గుచ్చడం గుర్తుపెట్టుకోండి.

తరవాత ఖర్చు చూడాలి. నాకు రాయడం రాదు, బాబాయికి కొలతలు తప్ప వేరే లెక్క రాదు. అవ్వ చింతగింజల కుండ తెచ్చి మా మధ్య పెట్టింది. ఒక గింజ ఒక రూపాయి, పగిలిన గింజ అర్ధరూపాయి. బాబాయి తన దగ్గరున్న డబ్బు ఎంతో అన్ని గింజలు నేల మీద పోశాడు. "ఇంతేనమ్మా. ఇందులోనే కావాలి. ఇంకొక్క గింజ లేదు" అన్నాడు. మేం ఆ కుప్పను విడగొట్టడం మొదలుపెట్టాం. దూలానికి అన్నిటికంటే పెద్ద కుప్ప. నల్లమల టేకు ధర యుద్ధం వల్ల ఆకాశంలో ఉంది. కొత్త పేళ్ళకు ఒకటి, కొత్త చవుడు తోలించడానికి ఒకటి, గోడలకు సున్నానికి ఒకటి, ఆచారికి ఒకటి, మా కూలీకి ఒకటి. సరిగ్గా సరిపోయింది. నాకైతే గాల్లో తేలినట్టుంది. ఇల్లంతా నా ముందు నేల మీద చిన్న చిన్న కుప్పలుగా కూర్చుని ఉంది.

అంతలో బాబాయి చెయ్యి చాపాడు. "ఇక్కడొక కిటికీ ఉంటే బాగుండు. సూదిలో దారం ఎక్కించాలంటే వెలుతురు కావాలిగా" అని కూలి కుప్పలోంచి నాలుగు గింజలు లాగి పక్కన పెట్టాడు. అవ్వ ఊరుకుంటుందా? "నాకు వంటింట్లో పొగ పోయే గూడు కావాలిరా. ఈ పొగకే నా కళ్ళు పోయినయ్" అని ఆమె నాలుగు లాక్కుంది. ఆమె కళ్ళు భేషుగ్గా ఉండేవి. ఎవరు లాగినా మా కూలి కుప్పలోంచే. మా అత్త బాబాయి చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

"అవి మా పొట్ట గింజలు తమ్ముడూ. అటు పెట్టు."

చివరికి కిటికీ ఉండేట్టు, పొగగూడు చిన్నదయ్యేట్టు, మా కూలి కాస్త తగ్గేట్టు ఒప్పందం కుదిరింది. లేవబోతూ మా అత్త అడిగింది: "అనుకోకుండా ఏదన్నా వస్తే? దానికి కుప్పేదే?"

"అనుకోనిదానికి లెక్కెట్టా వేస్తాం అత్తా?" అన్నాను. బాబాయికి ఆ జవాబు ఎంత నచ్చిందో! "అదీ మాటంటే" అన్నాడు. ఇద్దరికీ అది మొదటిసారి. ఇల్లు బాగుచేయించే ఆయనకీ, చేసే నాకూ.

మర్నాడు ఆ ఇంటి కోడలు, బాబాయి భార్య, పొద్దున్నే అలవాటుగా నేల ఊడ్చి, కుప్పలన్నీ కలిపి కుండలో పోసేసింది. బాబాయి తల పట్టుకున్నాడు. నేను కూర్చుని ఏ కుప్ప ఎంతో మళ్ళీ విడగొట్టి పెట్టాను. దేవుడు నాకు బడి ఇవ్వలేదు కానీ జ్ఞాపకం ఇచ్చాడు. మట్టి బరువు లెక్కకు అది చాలదని ఆ వారంలోనే తెలిసింది.

పని మొదలుపెట్టిన రోజు అవ్వ బిస్మిల్లా అంది, మా అత్త కొబ్బరికాయ కొట్టింది. దూలం ఎంత కుంగిందో చూసుకోవడానికి ఆచారి దాని కింద, గోడకూ గోడకూ మధ్య ఒక దారం బిగించి కట్టాడు. దూలం కడుపు ఆ దారాన్ని తాకుతోంది. ఇంటి సామానంతా వంటింట్లోకి చేర్చి, మా పేట ఆడవాళ్ళతో నేను మిద్దెక్కాను. పలుగు వేసి మట్టి తియ్యడం మొదలుపెట్టాం. పిట్టగోడ పక్కన అనుకున్నట్టే మోకాలి లోతు. అక్కణ్ణుంచి మధ్యకు జరుగుతున్నకొద్దీ పేళ్ళు తగలవు. తవ్వుతున్నాం, తవ్వుతున్నాం. తొడ లోతయింది. మధ్యకు వచ్చేసరికి నేను నిలబడితే మట్టి నా నడుం దాటింది.

అప్పుడు అర్థమైంది. ఏటా వానకు మిద్దె మధ్యలో నీళ్ళు నిలుస్తాయి. నిలిచిన చోట గుంట ఉందని తట్టలకొద్దీ చవుడు పోసి చదును చేస్తారు. ఆ బరువుకు దూలం ఇంకాస్త కుంగుతుంది. మళ్ళీ ఏటికి మళ్ళీ గుంట, మళ్ళీ మట్టి. పైనుంచి చూస్తే మిద్దె ఎప్పుడూ చదునుగానే కనపడుతుంది. మట్టంతా కడుపులో దాచుకుంది. నేనేమో అంచున గుచ్చి మోకాలి లోతనుకున్నాను.

కింద వీధిలో మట్టి కొండలా పెరుగుతోంది. పక్కింటామె గుమ్మంలోకి వచ్చి, "ఏం తమ్ముడూ, ఇల్లు చాలక కోట కడతన్నావా?" అని బాబాయిని దెప్పింది. బండ్లు పోయే దారి లేదు. ఇంటికి తెచ్చుకునే ప్రతిదానికీ గింజలు పెట్టాను. ఇంట్లోంచి పోవాల్సిన దానికి ఒక్క గింజ పెట్టలేదు. బండివాణ్ణి పిలిచి, ఊరి బయటికి తోలడానికి ఎంతంటావు అంటే, వాడు కొండ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఒక మాట చెప్పాడు. మా కూలి కుప్ప మొత్తం ఇచ్చినా చాలదు.

"అనుకోనిది వచ్చింది చూడు" అంది మా అత్త. పార అందుకుని మళ్ళీ మట్టిలోకి దిగింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో కింద నుంచి అరుపు. "నిచ్చెన పట్టుకోండ్రా!" చూస్తే అవ్వ ఎక్కుతోంది. బాబాయి కింద నిలబడి "అమ్మా, వద్దే, పడతావే" అని మొత్తుకుంటున్నాడు. "నా మిద్దె నేనెక్కలేనా? నువ్వు పుట్టకముందు నుంచి ఎక్కుతున్నా" అంటూ వచ్చేసింది. మేం తవ్విన చోట మట్టి గోడలా నిలువుగా తెగి ఉంది. పొరలు పొరలుగా, ఒకటి తెల్లగా, ఒకటి బూడిదరంగుగా. అవ్వ దాని ముందు చతికిలబడి వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది.

"ఇదిగో, ఇది కరువొచ్చిన ఏడు. చూడు ఎంత సన్నగా ఉందో. వానే రాలేదు, మట్టెవడు పోస్తాడు? ఇది మా ఆయన ఇల్లు కొన్న ఏడు. ఇది వీడు పుట్టిన ఏడు. నేను నిండు చూలాల్ని. తట్ట ముట్టనివ్వలా, ఆయనే మోశాడు. చూడు, ఎట్టా పోశాడో, ఎగుడుదిగుడుగా. మగవాళ్ళ పని." ఒక పొరలోంచి పగిలిన గాజు ముక్క ఒకటి తీసి కొంగుకు తుడిచింది. "నాదే."

మేం పలుగులు పక్కన పెట్టి వింటూ కూర్చున్నాం. ఆమె లేచి, కింద వీధిలోని కొండను చూసింది. బండివాడు ఇంకా బేరానికి నిలబడి ఉన్నాడు. "ఒక్క తట్ట కూడా ఊరి బయట పొయ్యటానికి వీల్లేదు" అంది. "ఇన్నేళ్ళు మా నెత్తిన ఉన్న మట్టి. దారిన పోయేవాళ్ళు తొక్కుతారా?"

పైన మట్టీ పేళ్ళూ తీసేయడం అయిపోయిన రోజు పొద్దున్నే ఆచారి వచ్చాడు. పాత దూలం దింపడానికి గుర్తులు పెట్టుకోవాలి. ఆ సాయంత్రం టింబరు డిపోకు వెళ్ళి కొత్త దూలానికి బయానా ఇవ్వాలి. ఆయన గదిలోకి వెళ్ళి దారం చూశాడు. దారానికీ దూలానికీ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది.

"ఎవుడ్రా నా దారం కిందికి లాగింది?" అని ఒక్క కేక. "దర్జీ ఇంట్లో దారం కడితే ఇంతే! చేతులు ఊరుకోవు."

"నీ ముతక దారం నాకెందుకు మామా? దాంతో గోతాలు కూడా కుట్టను" అన్నాడు బాబాయి.

ఇద్దరూ గట్టిగా అందుకున్నారు. చాప మీద పడుకున్న అవ్వ అప్పుడు మాట్లాడింది. పైన మిద్దె లేదు, దంతెల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా ఆమె మీద పడుతోంది.

"దారం కాదురా. దూలం లేచింది."

"దూలం లేవటమేంది అమ్మా?"

"ఇన్నేళ్ళ నుంచి పడుకుని దాన్నే చూస్తున్నా. నాకు తెలవదా? నిన్నటి కంటే దూరంగా ఉంది."

ఆచారి గభాల్న ఎక్కి, గోడలో దూరిన దూలం కొనల దగ్గర మట్టి గీకి, ఉలితో పొడిచి చూశాడు. ఒక కొన చూశాడు, ఇటు వచ్చి రెండో కొన చూశాడు. సుత్తితో కొట్టాడు. ఖంగున మోగింది. మేమంతా కింద మెడలెత్తుకుని నిలబడ్డాం. నా చేతులు మా అత్త చేతుల్లో ఉన్నాయని కూడా నాకు తెలియలేదు.

"చెద లేదు, పుచ్చు లేదు" అన్నాడు ఆచారి. "ఇనుములా ఉంది ముండ. ఇన్నేళ్ళూ నేను తలుపు చెక్కుతూ వచ్చా. వీళ్ళేమో పైన మట్టి పోస్తూ వచ్చారు. పై నుంచి తొక్కుతుంటే తలుపెట్టా పడిద్ది?"

"అయితే కొత్త దూలం వద్దా తాతా?" అని అరిచాను.

"వద్దు. మళ్ళీ అంత మట్టి మాత్రం పొయ్యమాకండి. చచ్చిపోద్ది."

బాబాయి పరిగెత్తి చింతగింజల దగ్గర కూర్చున్నాడు. ఆ పెద్ద కుప్ప, దూలం కుప్ప, మొత్తం రెండు చేతులతో ఎత్తి నా ఒళ్ళో పోశాడు. ఆ గింజలు నా చీర మీంచి జారి గలగలమంటూ ఉంటే నేను ఏడ్చానో నవ్వానో చెప్పలేను. అప్పటికప్పుడు కూర్చుని ఇల్లు మళ్ళీ లెక్క కట్టాం. దంతెల మీద తుమ్మపేళ్ళకు బదులు నాపరాళ్ళు పరుద్దాం, సందుల్లో సున్నం కూరుదాం, పైన బెత్తెడు మట్టితో సరిపెడదాం అన్నాను. రాయీ బరువే, కానీ నడుం లోతు మట్టి ముందు అదెంత? రాళ్ళ క్వారీ మాకు దగ్గర. ఈసారి అనుకోనిదానికి కూడా ఒక కుప్ప పెట్టాను. మా అత్త ఆ కుప్పను కొంగులో మూట కట్టుకుంది, ఎవరూ లాగకుండా.

రాళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళం కింది నుంచి అందిస్తూ, ఆచారి, బాబాయి పైన సర్దుతూ, సందుల్లో సున్నం కూరుతూ వచ్చాం. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క మట్టికొండ తప్ప. అనుకోనిదాని కుప్ప దానికే అనుకున్నాను కానీ, డబ్బు చేతిలో పెట్టినా వచ్చే బండివాడు లేడు. వానలు దగ్గరపడ్డాయి, బండ్లన్నీ పొలాలకు ఎరువు తోలుతున్నాయి. ఉన్నా అవ్వ ఒప్పుకోదు. నేను పెద్దగా పట్టించుకోలేదు. మట్టేగా, పడి ఉంటుందిలే అనుకున్నాను.

మృగశిర ఇంకా రాలేదు. వానకు టైముందనుకుంటున్నాం. ఒకనాడు మధ్యాహ్నం రైలు కూత వేసుకుంటూ స్టేషన్లోకి వచ్చింది. పైన నిలబడి దాని పొగ చూద్దామని అటు తిరిగాను. పొగ వెనక కొండల మీద ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. గాలి తిరిగింది. మాకింకా మిద్దెలో మూడో వంతు పరచాల్సి ఉంది. అది కాదు నన్ను భయపెట్టింది. పైనుంచి చూస్తే వీధి వాలు స్పష్టంగా కనపడింది. పై వీధుల నీళ్ళన్నీ ఈ వీధిలోంచే దిగాలి. మా మట్టికొండ సరిగ్గా ఈ గుమ్మానికి కాస్త కిందుగా, వీధికి అడ్డంగా, చెరువు కట్టలా ఉంది. వాన పడితే నీళ్ళు దాని వెనక నిలిచి నేరుగా ఇంట్లోకి వస్తాయి. బురదతో కట్టిన గోడలు. ఒక్క పూట నానితే కూర్చుంటాయి. ఈ ఇల్లూ పోతుంది, అటు ఇటు ఇళ్ళూ పోతాయి. నేను కదా చేస్తానన్నది!

నిచ్చెన మెట్లు ఎలా దిగానో తెలియదు. అవ్వ ముందు కూలబడ్డాను.

"అవ్వా, మట్టి తియ్యకపోతే ఇల్లు మునిగిపోయిద్ది. ఎక్కడో ఒకచోట పొయ్యనీ."

"బజార్న తొక్కనిస్తానా?"

"తొక్కొద్దంటే ఎట్టా అవ్వా? నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?"

అది నేను ఏడుపు కొద్దీ అన్న మాట. అవ్వ నా మొహంలోకి చూసింది. తరవాత వీధిలోకి చూసింది. ఎదురింటి మిద్దె, పక్కింటి మిద్దె, ఆ పైది, ఆ కిందిది. వానకు ముందు ఏ మిద్దె మీదా ఇంకా చవుడు పడలేదు. ఒక్కసారి లేచింది. గుమ్మంలో నిలబడి ఆ ముసలి గొంతు ఎంత లేపిందంటే, స్టేషన్ దాకా వినపడి ఉంటుంది.

"ఏమే! ఏం చేస్తన్నారే అందరూ? వానొస్తంది కనపట్టల్లా? మీ మిద్దెల మీద మట్టి పోసుకోరా? తట్టలు తెచ్చుకోండే!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. మొదట వచ్చింది కోట అని దెప్పిన పక్కింటామే.

"ఊరికేనా పిన్నీ?"

"ఊరికే ఎందుకిస్తానే? తట్టకొకసారి నా పేరు తలుచుకో. పో, ఎత్తు."

అంతే. వీధి వీధంతా కదిలింది. గంపలు, తట్టలు, చివరికి బిందెలు కూడా వచ్చాయి. మా అత్త కొండ మీద నిలబడి పార పట్టి నింపుతూ, "పాత చవుడమ్మా, ఉప్పు తగ్గి నీళ్ళు అంతగా ఆపదు. ఇది అడుక్కి పోసి, పైన కొత్తది చల్లుకోండి" అని ఒక్కొక్కరికీ చెబుతోంది. అవ్వ పక్కన నిలబడి ఎవరికి ఏ పొర పోతోందో చూస్తోంది. "అది వీడు పుట్టిన ఏటిది. జాగర్తగా పొయ్యవే" అంటోంది. అటు కొండ కరుగుతోంది. ఇటు పైన నేనూ ఆచారీ రాళ్ళు లాగి పరుస్తున్నాం. ఉరుము ఉరిమింది. ఇంకా మంచమంత మేర ఖాళీ. అది పూర్తి చేసే టైము లేదు.

"బాబాయ్! గోతాలు!" అని కేక వేశాను.

ఆయనకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. వీధిలో ఎవరింట్లో ఖాళీ గోతాలున్నాయో అన్నీ లాక్కొచ్చి, కుట్టుమిషను ముందుగదిలోకి లాగి దాని ముందు కూర్చున్నాడు. పైన రాళ్ళ సందులోంచి నాకు ఆయన నడినెత్తి కనపడుతోంది. మిషను చక్రం గిరగిరా తిరుగుతున్న మోత, పైన ఉరుముల మోత. గోతం పక్కన గోతం చేరుస్తూ దుప్పటంత కుట్టి పారేశాడు. మేం పైకి లాగి, ఖాళీ మీద పరిచి, అంచుల మీద రాళ్ళు పెడుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. ఒక్కో చినుకు రేగిపండంత.

ఇంట్లోకి దిగి, ఉన్నవాళ్ళం ఉన్నట్టు గుమ్మం దగ్గర నిలబడ్డాం. వాన గోడలా దిగింది. వీధి పై నుంచి ఎర్రటి నీళ్ళు దూసుకొచ్చాయి. కొండ ఉన్న చోట ఇప్పుడు చిన్న గుట్టంత కూడా లేదు. నీళ్ళు దాని నెత్తి మీంచి దాటి, గుమ్మాన్ని ముట్టుకోకుండా, స్టేషన్ వైపు సాగిపోయాయి. గోతాల దగ్గర నాలుగు బొట్లు కారాయి. కింద అవ్వ గిన్నె పెట్టింది. ఆచారి మాత్రం పైకి చూస్తూనే ఉన్నాడు. దూలం కదల్లేదు. వీధికి అటూ ఇటూ ప్రతి మిద్దె మీదా మా అవ్వ మట్టి తడుస్తోంది.

వాన వెలిశాక మిగిలిన రాళ్ళు పరిచాం, వాటి సందుల్లోనూ సున్నం కూరాం, పైన బెత్తెడు చవుడు తొక్కాం, కిటికీ పెట్టాం, పొగగూడు పెట్టాం. చివరన మా ఆచారి, పని మొదట్లో ఊడదీసిన తలుపు తెచ్చి బిగించాడు. బాబాయి పై గడియ వెయ్యబోయాడు. అందలేదు. తలుపు పైన చూస్తే నాలుగు వేళ్ళ సందు. ద్వారబంధం మీద బరువు పోయి అది తన చోటికి అది లేచింది. తలుపేమో ఏటేటా చెక్కించుకుని పొట్టిదైపోయింది. ఆ సందులోంచి పిచ్చుక ఒకటి లోపలికి వచ్చి మా అందరినీ చూసి పోయింది.

"నా పిల్ల పెళ్ళిలో కరిగిపోయింది మిగతా తలుపు" అన్నాడు ఆచారి. ఎవ్వరం నవ్వాపుకోలేకపోయాం. కొత్త తలుపుకు ఒక్క గింజ లేదు. మా అత్త కొంగు మూట కూడా సున్నానికి ఖాళీ అయింది. మిగిలిపోయిన నాపరాయి ముక్క ఒకటి ఉంటే దాన్ని గడపగా వేసి, తలుపును దాని మీదికి లేపి నిలబెట్టాం. పైన సందు పూడింది. ఆ ఎత్తు గడపకు ఆ ఇంట్లో కాలు కొట్టుకోని మనిషి లేడు. కంట్రాక్టరు కూడా కొట్టుకున్నాడు, ఖాకీ తానులు దింపించిన రోజు. బాబాయి ఆ సాయంత్రం గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి, లోపలి నుంచి "వినపడిందా అమ్మాయ్?" అని అడిగాడు. వినపడింది.

మరుసటి ఏడు ఎండలు ముదరగానే ఆయన మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "రామ్మా, తొందరగా! అమ్మ తట్ట పట్టుకుంది!" వెళ్ళేసరికి అవ్వ మిద్దె మీద ఉంది. చవుడు నిండిన తట్ట చంకన ఉంది. నన్ను చూసి చిన్నపిల్లలా, "ఒక్కటేనే. పొయ్యకుండా ఎట్టా ఉంటానే" అంది. ఆ మొహం చూసి నేను వద్దనలేకపోయాను. "సరే పొయ్యి అవ్వా" అని కిందికి కేక వేశాను: "బాబాయ్, తలుపు వేసి చూడు!" గడియ పడింది. అప్పటి నుంచి ఏటా అదే. ఆమె ఒక్క తట్ట పోస్తుంది, మేం తలుపు వేసి చూస్తాం.

యుద్ధం అయిపోయింది. మా మగవాళ్ళు తిరిగొచ్చారు. నాకు అప్పటికే వీధి వీధినుంచీ పనులు రావడం మొదలైంది. ఒక వానాకాలం ముందు అవ్వ పోయింది. ఆ ఏడు ఆ వీధిలో వేరే పని మీద వెళ్ళిన నేను బాబాయి గుమ్మం ముందు ఆగాను. ఆయన మిద్దె మీద ఉన్నాడు. ఒక్కడే, తట్ట పట్టుకుని, ఎక్కడ పొయ్యాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. తరవాత మధ్యలో పోశాడు, ఎగుడుదిగుడుగా.

నేను గడప చూసుకుని దాటి, లోపలికి వెళ్ళి తలుపు వేశాను. గడియ పడింది.